ప్లీహంలోని తెల్ల గుజ్జు: పుస్తకంలోని బొమ్మకూ స్లైడుకూ పొంతన ఎందుకు కుదరడం లేదు?

కణజాల విద్యార్థిని:

సభ్యులందరికీ నమస్కారం. నేను వైద్యవిద్య మొదటి సంవత్సరం చదువుతున్నాను. గత వారం హిస్టాలజీ ప్రాక్టికల్‌లో మానవ ప్లీహం స్లైడు ఇచ్చారు. పాఠం చదువుకుని వెళ్లినప్పుడు అంతా అర్థమైనట్లే అనిపించింది కానీ, మైక్రోస్కోపులో చూడగానే చదివినదానికీ కనిపిస్తున్నదానికీ పొంతన కుదరలేదు. తెల్ల గుజ్జు అని చదివినది చిక్కటి ఊదా రంగులో ఉంది. కేంద్ర ధమనిక అనే రక్తనాళం నేను చూసిన ఏడెనిమిది ఫాలికిళ్లలో, అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల గుండ్రటి గుంపుల్లో, ఒక్కదానికి కూడా నడిమధ్యన లేదు. కొన్నింటిలో ఒక పక్కకు ఒదిగి ఉంది, రెండు మూడింటిలో అసలు కనబడనే లేదు. పుస్తకంలోని బొమ్మలో తెల్ల గుజ్జు చుట్టూ మార్జినల్ సైనస్ అనే సన్నటి రక్తపు కాలువను గుండ్రంగా గీశారు. దానికోసం అరగంట వెతికినా దొరకలేదు.

పేర్లు బట్టీ పట్టి పరీక్ష రాయడం కష్టమేమీ కాదు. అయితే ఈ లింఫాయిడ్ కణజాలం ఇక్కడ ఇలాగే ఎందుకు అమరింది, లింఫ్ గ్రంథిలో ఉన్నట్లు కార్టెక్స్, మెడుల్లా అనే విభజన ఇందులో ఎందుకు లేదు అన్నది తెలియకపోతే ఈ స్లైడు నా మనసుకు పట్టేలా లేదు. అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

స్లైడుల పెట్టె:

అమ్మా, మీరు అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. ఇరవై ఏళ్లకు పైగా పాథాలజీ పాఠం చెబుతున్నాను కనుక నాకు తెలిసినంతలో మూడింటికి జవాబు ఇస్తాను. మార్జినల్ సైనస్ సంగతి మాత్రం దానిమీద పనిచేసేవారు చెబితేనే బాగుంటుంది.

ముందుగా రంగు. తెల్ల గుజ్జు, ఎర్ర గుజ్జు అన్న పేర్లు రంగు వేసిన స్లైడును చూసి పెట్టినవి కావు. అప్పుడే కోసిన ప్లీహం ముఖాన్ని కంటితో చూసి పెట్టినవి. తాజా ప్లీహాన్ని పొడవాటి కత్తితో ఒక్క వేటున కోసి, ఆ కోతముఖాన్ని నీటితో మెల్లగా కడిగి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. ముదురు ఎరుపు నేలమీద గుండుసూది తలంత బూడిదరంగు తెల్లటి చుక్కలు చెదురుమదురుగా కనిపిస్తాయి. వాటిని వివరించిన మార్చెల్లో మల్పీగీ పేరుమీదనే మల్పీగియన్ కణికలు అనే మాట నేటికీ వాడుకలో ఉంది. ఆయన రచన వెలువడినది 1666లో. ఆ చుక్కలే తెల్ల గుజ్జు, వాటి చుట్టూ ఉన్న ఎరుపు భాగం ఎర్ర గుజ్జు. లింఫోసైటులో కేంద్రకమే దాదాపు కణమంతా నిండి ఉంటుంది; హెమటాక్సిలిన్ కేంద్రకానికి పట్టే రంగు; అందువల్ల లింఫోసైట్లు కిక్కిరిసిన చోటు స్లైడులో ఊదాగా కనిపిస్తుంది. ఒక మాట కూడా గుర్తుంచుకోండి: ప్లీహం చాలా త్వరగా చెడిపోయే అవయవం. శవపరీక్షలో ఆలస్యంగా తీసిన ప్లీహంలో ఈ చుక్కలు చెదిరి మసకబారి ఉంటాయి. బోధన స్లైడుల్లో చాలావరకు అటువంటివే కనుక, అంచులు స్పష్టంగా లేకపోవడం మీ కంటి లోపమని అనుకోకండి.

ఇక కేంద్ర ధమనిక. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఫాలికిల్‌ను కాసేపు పక్కన పెట్టి, ధమని వెంట నడవాలి. ప్లీహ ధమని హైలం దగ్గర, అంటే రక్తనాళాలు ప్లీహంలోకి చేరే చోట, కొమ్మలుగా చీలి, క్యాప్సూల్ అనే పై పొర నుంచి లోపలికి దిగిన ట్రాబెక్యులాల్లో, అంటే పీచు పట్టీల్లో, ప్రయాణిస్తుంది. ఆ పట్టీని విడిచి గుజ్జులోకి అడుగుపెట్టగానే ధమని వెలుపలి పీచుపొర పలచబడి, దాని స్థానాన్ని జాలకపు తంతువులూ, వాటి మధ్య నిండిన టీ లింఫోసైట్లూ ఆక్రమిస్తాయి. కత్తికి ఒర ఉన్నట్లు ధమనికకు లింఫోసైట్ల ఒర ఏర్పడుతుంది. క్లాసులో పాల్స్ (పెరిఆర్టీరియోలార్ లింఫాయిడ్ షీత్) అని క్లుప్తంగా పిలిచేది ఈ ఒరనే. ఆ ఒరకు ఒక పక్కన, కొమ్మకు మొగ్గ వేసినట్లు, బీ లింఫోసైట్ల గుంపు ఉబ్బి ఉంటుంది, అదే ఫాలికిల్. ధమనిక ఒరకు కేంద్రమే కానీ ఫాలికిల్‌కు కేంద్రం కాదు. పేరు ఒరను బట్టి వచ్చింది, మీరు దాన్ని ఫాలికిల్‌లో వెతికారు. కోత మొగ్గమీదుగా మాత్రమే వెళితే ధమనిక కనిపించదు. కొమ్మమీదుగా మాత్రమే వెళితే ఫాలికిల్ కనిపించదు. రెండింటినీ తాకుతూ వెళితే పుస్తకంలోని బొమ్మ దొరుకుతుంది.

లింఫ్ గ్రంథితో పోలిక కూడా ఇక్కడే తేలిపోతుంది. లింఫ్ గ్రంథికి వచ్చే సరుకంతా క్యాప్సూల్‌ను చీల్చుకుని వచ్చే లింఫ్ నాళాల ద్వారా వెలుపలి నుంచి వస్తుంది. కనుక క్యాప్సూల్ కిందనే ఒక సైనస్, ఆ వెంటనే ఫాలికిళ్లున్న కార్టెక్స్, మరింత లోపల మెడుల్లా ఏర్పడతాయి. ప్లీహానికి లోపలికి వచ్చే లింఫ్ నాళాలే లేవు. దానికి అందేది ఏదైనా రక్తంతోనే, ధమని గుండానే అందాలి. కాబట్టి లింఫాయిడ్ కణజాలం క్యాప్సూల్ దగ్గర కాక ధమని చుట్టూ కాపు కాసింది. బయటికి పోయే లింఫ్ నాళాలు మాత్రం ఉన్నాయి. అవి తెల్ల గుజ్జులో మొదలై, ధమనుల పక్కనే రక్తానికి ఎదురు దిశలో హైలం వైపు సాగిపోతాయి. స్లైడులో వాటిని పట్టుకోవడం తేలిక కాదు.

పీజీ రెండో ఏడు:

సార్ చెప్పినదానికి చిన్న చేర్పు. మార్జినల్ సైనస్ కావాలంటే ఫాలికిల్‌కూ, దాన్ని చుట్టిన వెలుపలి పట్టీ అయిన మార్జినల్ జోన్‌కూ మధ్యన వెతకాలి, మార్జినల్ జోన్ వెలుపల కాదు. ఫాలికిల్‌లోని ముదురు రంగు పట్టీ, అంటే మాంటిల్, ముగిసిన చోట సన్నటి ఖాళీ గీతలాగా ఉంటుంది. కేంద్ర ధమనిక పక్కకొమ్మలు అందులోకే తెరుచుకుంటాయి. రక్తం అక్కడి నుంచి మార్జినల్ జోన్‌లోకి ఇంకి, ఆపైన ఎర్ర గుజ్జుకు చేరుతుంది. పెద్ద మాగ్నిఫికేషన్‌లో ఓపికగా చూస్తే దొరుకుతుంది.

బీ కణం:

పీజీ మిత్రులు వివరించిన అమరిక ఎలుకల విషయంలో అక్షరాలా నిజం. మనిషి విషయంలో కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో విద్యార్థులు లేనిదానికోసం కళ్లు నొప్పి పుట్టేలా వెతుకుతుంటారు కాబట్టి కాస్త విపులంగా రాస్తున్నాను. ప్రయోగశాలలో చుంచెలుకల ప్లీహాలతోనూ, అప్పుడప్పుడు మానవ ప్లీహపు కోతలతోనూ పనిచేసే వ్యక్తిని నేను.

చుంచెలుకలో తెల్ల గుజ్జు చక్కగా గీత గీసినట్లు ఉంటుంది. ధమనిక చుట్టూ టీ కణాల ఒర, పక్కన బీ కణాల ఫాలికిళ్లు, ఈ రెండింటినీ కలిపి చుట్టుముట్టే మార్జినల్ సైనస్, దాని వెలుపల మార్జినల్ జోన్. సైనస్ లోపలి అంచున వెండి రంగును ఇష్టంగా పీల్చుకునే మెటలోఫిలిక్ మాక్రోఫేజ్‌లు (మాక్రోఫేజ్‌లంటే మింగుడు కణాలు) ఒక వరుసగానూ, వెలుపల మార్జినల్ జోన్ మాక్రోఫేజ్‌లు మరొక వరుసగానూ నిలబడి ఉంటాయి. గత కొన్ని దశాబ్దాల ప్రయోగాలు ఎక్కువగా ఈ జంతువుల మీదే జరిగాయి. అందువల్ల పుస్తకాల్లోని బొమ్మల్లోకి కూడా ఆ అమరికే చేరింది. కొన్ని బొమ్మల కింద అది ఏ జంతువుదో రాయనుకూడా లేదు.

మానవ ప్లీహంలో మార్జినల్ సైనస్ లేదు. ఎలుకలో కనిపించే ఆ మెటలోఫిలిక్ మాక్రోఫేజ్‌ల వరుస కూడా లేదు. టీ కణాల ఒర ధమనిక పొడవునా ఎడతెగకుండా సాగదు. మధ్యమధ్యలో తెగిపోతుంది, కొన్నిచోట్ల బీ కణాల ఫాలికిలే ధమనికను నేరుగా కప్పేస్తుంది. మార్జినల్ జోన్ మనకూ ఉంది, బాగా వెడల్పుగానే ఉంటుంది, కానీ అది ప్రధానంగా ఫాలికిల్‌ను చుట్టి ఉంటుంది. దాని వెలుపల ఎర్ర గుజ్జుతో కలిసే చోట పెరిఫాలిక్యులర్ జోన్ అనే ప్రాంతం ఒకటుంది. అక్కడ రక్తకణాలు వదులుగా పరచుకుని ఉంటాయి. కొన్ని కేశనాళికలు ఆ ప్రాంతంలోనే రక్తాన్ని విడిచిపెడతాయి. రక్తం నెమ్మదించి, మోసుకొచ్చిన సరుకును లింఫాయిడ్ కణాలకు చూపించే అవకాశం అక్కడే ఎక్కువ. ఎలుకలో మార్జినల్ సైనస్ దగ్గర జరిగే పనిలో కొంత మనలో ఇక్కడ జరుగుతుందని భావించవచ్చు.

ఇంకొక భేదం కూడా ఆసక్తికరమైనది. మనిషిలో ధమనిక తెల్ల గుజ్జును దాటి ఎర్ర గుజ్జులోకి వెళ్లాక కుంచె వెంట్రుకల్లా సన్నటి కొమ్మలుగా చీలుతుంది. వాటి చివర్లలోని కొన్ని కేశనాళికలకు మాక్రోఫేజ్‌లతో కూడిన దళసరి తొడుగు ఉంటుంది. చుంచెలుకలో ఈ తొడుగులు కనిపించవు. ఎలుక మెటలోఫిలిక్ మాక్రోఫేజ్‌ల మీద ఉండే సీడీ169 అనే గుర్తు మనిషిలో ఈ తొడుగు మాక్రోఫేజ్‌ల మీద కనిపిస్తుంది. ఒకే రకపు కాపలాదారు ఒక జంతువులో సరిహద్దు దగ్గరా, మరొక జంతువులో నాళం చివరనా నిలబడ్డాడన్నమాట.

పీజీ రెండో ఏడు:

నా పొరపాటును సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. నేను ఇన్నాళ్లూ మానవ స్లైడులో మాంటిల్ అంచున కనిపించే ఖాళీ గీతను చూసి అదే సైనస్ అని జూనియర్లకు కూడా చూపించాను. ఇప్పుడు ఆలోచిస్తే అది కణజాలం ముడుచుకుపోవడం వల్ల ఏర్పడిన చీలిక అయి ఉండాలి. ఆ ఖాళీకి ఎండోథీలియం, అంటే రక్తనాళాలకు ఉండే లోపలి పొర, ఎక్కడా కనిపించలేదు. వాళ్లకు కూడా ఈ విషయం చెబుతాను.

అయితే సైనస్ లేనప్పుడు మార్జినల్ జోన్‌ను మాంటిల్ నుంచి వేరు చేసి గుర్తుపట్టడం ఎలా?

స్లైడుల పెట్టె:

చిన్న మాగ్నిఫికేషన్‌లోనే, నాలుగు రెట్ల లెన్సుతో చూడండి. పెద్దదానికి పోతే వలయాలు కలిసిపోతాయి. చురుకుగా ఉన్న ఫాలికిల్‌లో లోపలినుంచి బయటికి లేత, ముదురు, మళ్లీ లేత రంగు వలయాలు కనిపించాలి. లోపలి లేత భాగం జెర్మినల్ సెంటర్. అందులో విభజన చెందుతున్న పెద్ద కణాలూ, చచ్చిన కణాల ముక్కలను మింగిన మాక్రోఫేజ్‌లూ ఉంటాయి. దాని చుట్టూ ముదురు పట్టీ మాంటిల్. అందులో చిన్నపాటి లింఫోసైట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వెలుపలి లేత పట్టీ మార్జినల్ జోన్. అక్కడి కణాలు కాస్త పెద్దవి, వాటికి కేంద్రకం చుట్టూ సైటోప్లాజం ఎక్కువగా ఉంటుంది కనుక కేంద్రకాలు ఎడంగా నిలబడి, ఆ పట్టీ మొత్తం పలచబడినట్లు కనిపిస్తుంది. లింఫ్ గ్రంథిలో ఈ మూడో వలయం సాధారణంగా స్పష్టంగా కనిపించదు. ప్లీహంలో కనిపించడమే దాని ఆనవాలు.

పెద్దవాళ్ల ప్లీహంలో జెర్మినల్ సెంటర్ లేని ఫాలికిళ్లు చాలా ఉంటాయి. అప్పుడు లోపలి లేత వలయం ఉండదు, మిగతా రెండే చూడాలి.

ఓ పాఠకుడు:

నేను వైద్యరంగానికి చెందినవాణ్ని కాను. ఈ చర్చను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. నాలుగేళ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో ప్లీహం చిట్లి లోపల రక్తస్రావం కావడంతో అత్యవసరంగా దాన్ని తీసివేశారు. ప్రాణం నిలిపిన వైద్యుల పట్ల నాకు కృతజ్ఞత ఉంది. కానీ ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ప్లీహం లేకపోయినా మనిషి మామూలుగానే బతకవచ్చు అని చెప్పారు తప్ప, టీకాల గురించి గానీ జ్వరం వస్తే ఏం చేయాలన్నది గానీ ఎవరూ చెప్పలేదు. ఏడాది తర్వాత వేరే పనిమీద కలిసిన మరొక వైద్యురాలు అడిగేవరకు నాకు ఆ సంగతే తెలియదు. మీరు ఇంత వివరంగా చెబుతున్న ఈ మార్జినల్ జోన్ పోవడం వల్ల నాలో లోపించినది ఏమిటో తెలుసుకోవాలని ఉంది.

శస్త్రవైద్య మిత్రుడు:

అయ్యా, మీకు ఆ విషయం చెప్పకపోవడం తప్పే. ప్లీహం తీసిన ప్రతి వ్యక్తికీ ఇంటికి వెళ్లేలోపే ఈ సమాచారం రాతపూర్వకంగా చేతికి అందాలన్నది నా గట్టి అభిప్రాయం.

ప్లీహం లేనివారికి, ముఖ్యంగా గుళిక పొర ఉన్న బ్యాక్టీరియా వల్ల, అతివేగంగా ముదిరే రక్తపు ఇన్‌ఫెక్షన్ (సెప్సిస్) వచ్చే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. అటువంటి బ్యాక్టీరియాల్లో న్యూమోకాకస్ మొదటిది. ఆ తర్వాత మెనింజోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బీ రకం. 1952లో కింగ్, షుమాకర్ అనే వైద్యులు ప్లీహం తీసివేసిన 5 మంది శిశువుల్లో వచ్చిన తీవ్ర ఇన్‌ఫెక్షన్లను ప్రచురించాకే వైద్యలోకం ఈ ప్రమాదాన్ని గట్టిగా పట్టించుకుంది. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్స అయితే కనీసం 2 వారాల ముందు టీకాలు వేస్తాం; మీకు జరిగినట్లు అత్యవసరమైతే సాధారణంగా 2 వారాల తర్వాత వేస్తాం. ఆలస్యమైనా వేయించుకోవడమే మేలు. మీరు ఇప్పటికే వేయించుకుని ఉంటే తిరిగి వేయవలసిన మోతాదుల గురించి మీ వైద్యుణ్ని అడగండి. చలితో కూడిన జ్వరం వస్తే రేపు చూద్దామని ఆగకుండా, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లి ప్లీహం లేదన్న మాట అందరికంటే ముందు చెప్పండి.

ప్లీహం చిట్లినప్పుడు కొన్ని ముక్కలు పొట్టలో అంటుకుని పెరగడం ఉంది. దాన్ని స్ప్లీనోసిస్ అంటారు. అటువంటి ముక్కలు ఉన్నాయని తేలినంత మాత్రాన రక్షణ ఉందని భరోసా పెట్టుకోకూడదు. మొదటి ప్లీహానికి ఉన్నట్లు పెద్ద ధమని, దానిచుట్టూ క్రమంగా అమరిన తెల్ల గుజ్జు వాటిలో ఉండవలసిన స్థాయిలో ఉండకపోవచ్చు.

బీ కణం:

పాఠకుల ప్రశ్నకు నిర్మాణం వైపు నుంచి జవాబు చెబుతాను.

న్యూమోకాకస్ ఒంటికి చక్కెర గొలుసులతో, అంటే పాలీశాకరైడ్‌తో అల్లిన గుళిక ఉంటుంది. టీ కణాలు గుర్తించేది ముఖ్యంగా మాంసకృత్తుల తునకలను. చక్కెర గొలుసును వాటికి తునకగా చేసి చూపించడం కుదరదు కాబట్టి టీ కణాల సాయం అందదు. సాయం లేకుండా ఫాలికిల్‌లో సుదీర్ఘమైన జెర్మినల్ సెంటర్ ప్రక్రియ సరిగా సాగదు. అటువంటి శత్రువు రక్తంలో ప్రవేశించినప్పుడు వెంటనే, టీ కణాల కోసం ఎదురుచూడకుండా, ఐజీఎం ప్రతిరక్షకాలను తయారుచేయగల బీ కణాలు కావాలి. మార్జినల్ జోన్ బీ కణాలు ఆ పనికి అనువైనవి. వాటి మీద కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షక మాంసకృత్తుల తునకలను పట్టుకునే సీడీ21 గ్రాహకం దండిగా ఉంటుంది. గుళిక మీద కాంప్లిమెంట్ అతుక్కుని ఉంటే, ఒకవైపు గుళికనూ మరొకవైపు కాంప్లిమెంట్‌నూ ఒకేసారి పట్టుకోవడం వల్ల ఆ కణం చాలా తక్కువ మోతాదుకే మేలుకుంటుంది. ఆ కణాలు నిలబడిన చోటు కూడా గమనించండి: రక్తం నెమ్మదించే సరిహద్దులోనే ఉన్నాయి, ఫాలికిల్ లోపల దాగి లేవు. మనిషిలో ఈ రకం కణాలు రక్తంలో కూడా తిరుగుతాయి, చుంచెలుకలో ఎక్కువగా ప్లీహంలోనే ఉండిపోతాయి. అయినా మనిషిలోనూ వాటికి ప్రధాన స్థావరం ప్లీహమే. దానికి తోడు, ప్రతిరక్షకం అంటుకున్న బ్యాక్టీరియాను రక్తం నుంచి ఏరివేసే మాక్రోఫేజ్‌లు ఎర్ర గుజ్జులో ఉంటాయి. ప్లీహం పోతే ఈ రెండూ ఒకేసారి పోతాయి.

రెండేళ్లలోపు పిల్లల్లో ప్లీహం ఉన్నా మార్జినల్ జోన్ ఇంకా పరిపక్వం కాదు. అక్కడి బీ కణాల మీద సీడీ21 తక్కువగా ఉంటుంది. కేవలం చక్కెర గొలుసుతో చేసిన న్యూమోకాకస్ టీకా ఆ వయసులో సరిగా పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. పరిష్కారంగా చక్కెర గొలుసును ఒక మాంసకృత్తికి జతచేసి కాంజుగేట్ టీకాలు తయారుచేశారు. 7 రకాల న్యూమోకాకస్‌లకు పనికివచ్చే అటువంటి టీకాకు అమెరికాలో 2000లో అనుమతి లభించింది. మాంసకృత్తి జతచేరగానే టీ కణాలు రంగంలోకి దిగుతాయి, జెర్మినల్ సెంటర్ ఏర్పడుతుంది, జ్ఞాపక కణాలు మిగులుతాయి. ఒకే బ్యాక్టీరియాకు ఒక టీకా ఎక్కువగా మార్జినల్ జోన్ మీద ఆధారపడితే, మరొకటి టీ కణాల ఒరనూ ఫాలికిల్‌నూ ఆశ్రయిస్తుందని చెప్పవచ్చు. నాకు ఈ విషయంలో ఎంతో అందం కనిపిస్తుంది: మైక్రోస్కోపులో ముదురు, లేత వలయాలుగా మనం గుర్తుపెట్టుకునే భేదం ఒక శిశువుకు ఏ టీకా వేయాలన్న నిర్ణయంలో కూడా ఉంది.

ఓ పాఠకుడు:

చాలా స్పష్టంగా అర్థమైంది. ప్లీహం లేదన్న సంగతి రాసిన కార్డు ఒకటి ఇకమీదట జేబులో ఉంచుకుంటాను. మీ అందరికీ నమస్కారాలు.

కణజాల విద్యార్థిని:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. చదువుతుంటే ఇంకొక సందేహం వచ్చింది. టీ కణాలు ఒరలో, బీ కణాలు ఫాలికిల్‌లో అని చెప్పారు. హెమటాక్సిలిన్ రంగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రక్తంలో కలిసి వచ్చిన ఈ రెండు రకాలూ తమ తమ చోట్లను ఎలా వెతుక్కుంటాయి? అసలు ఒర టీ కణాలదే అని ఎలా తెలుసుకున్నారు?

బీ కణం:

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. పుట్టిన వెంటనే థైమస్ గ్రంథిని తీసివేసిన చుంచెలుక పిల్లల ప్లీహాలను పెరిగాక కోసి చూసినప్పుడు, ఫాలికిళ్లు ఉన్నాయి గానీ ధమనిక చుట్టూ ఉండవలసిన ఒర పలచబడి దాదాపు ఖాళీ అయిపోయింది. పారట్, డి సౌసా, ఈస్ట్ 1966లో ప్రచురించిన ఈ పరిశీలనతో ఆ ఒరకు థైమస్ మీద ఆధారపడిన ప్రాంతం అనే గుర్తింపు స్థిరపడింది. రంగుతో చెప్పలేని భేదాన్ని ఒక లేమి చెప్పింది.

ఇక చోటు వెతుక్కోవడం. ఒరలోని జాలకాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు సీసీఎల్19, సీసీఎల్21 అనే రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. వాటిని పసిగట్టే సీసీఆర్7 గ్రాహకం టీ కణాల మీద ఉంటుంది. ఫాలికిల్‌లోని ఆధార కణాలు సీఎక్స్‌సీఎల్13 అనే వేరొక సంకేతాన్నిస్తాయి. దాన్ని పసిగట్టే సీఎక్స్‌సీఆర్5 బీ కణాల మీద ఉంటుంది. కాబట్టి ఈ రెండు ప్రాంతాల మధ్య ఏ గోడా లేదు. రెండు వాసనలు ఉన్నాయనుకోండి. ఏదైనా ప్రతిజనకాన్ని పట్టుకున్న బీ కణం తన మీద సీసీఆర్7ను పెంచుకుని, ఫాలికిల్ విడిచి ఒర అంచుకు వస్తుంది. మేలుకున్న టీ కణం సీఎక్స్‌సీఆర్5ను తెచ్చుకుని అదే అంచుకు ఎదురువస్తుంది. రెండూ కలిసి మాట్లాడుకునేది ఆ పొలిమేరలోనే. జెర్మినల్ సెంటర్‌కు నాంది అక్కడే పడుతుంది.

లింఫ్ గ్రంథిలో లింఫోసైట్లు రక్తం నుంచి లోపలికి రావడానికి ఎత్తైన ఎండోథీలియం ఉన్న ప్రత్యేక సిరలు ఉంటాయి. ప్లీహపు తెల్ల గుజ్జులో అవి లేవు. రక్తం నాళాల నుంచి గుజ్జులోకి నేరుగా విడుదలవుతుంది కాబట్టి లింఫోసైట్లు ముందు బయటపడి, ఆ తర్వాత సంకేతాల వెంట తెల్ల గుజ్జులోకి నడిచి వెళ్లాలి.

రంగుల బల్ల:

ల్యాబ్‌లో స్లైడులు తయారుచేసే వ్యక్తిగా కొన్ని మాటలు చెప్పదలిచాను. రెటిక్యులిన్ కోసం వెండి రంగు వేసిన ప్లీహం స్లైడు మీ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే తప్పకుండా అడిగి చూడండి. కణాలు వెనక్కి తగ్గి, నల్లటి తంతువులు ముందుకు వస్తాయి. ధమనిక చుట్టూ తంతువులు వలయాలుగా దట్టంగా ఉంటాయి, ఫాలికిల్ నడుమ దాదాపు ఖాళీగా ఉంటుంది, ఎర్ర గుజ్జులో సైనస్‌ల చుట్టూ పీపాకు కట్టిన ఇనుప కట్లలాగా అడ్డంగా చుట్టి ఉంటాయి.

యాంటీబాడీ రంగుల్లో టీ కణాల గుర్తు సీడీ3 వేస్తే ఒర వెలుగుతుంది, బీ కణాల గుర్తు సీడీ20 వేస్తే ఫాలికిల్, మాంటిల్, మార్జినల్ జోన్ కలిసి వెలుగుతాయి. ఐజీడీ వేస్తే మాంటిల్ చిక్కగానూ, మార్జినల్ జోన్ పలచగానూ కనిపించి, ఇందాక చెప్పిన సరిహద్దు తేటపడుతుంది. కొన్ని టీ కణాల గుర్తు అయిన సీడీ8 విషయంలో మాత్రం జాగ్రత్త: మానవ ప్లీహంలో ఎర్ర గుజ్జు సైనస్‌ల లోపలి పొర కణాలు కూడా సీడీ8 రంగును పట్టుకుంటాయి. మొదటిసారి ఆ స్లైడు తీసినప్పుడు రంగు తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేశాను. రెండోసారీ అలాగే వచ్చాక మా పాథాలజిస్టు ఈ సంగతి చెప్పారు.

స్లైడుల పెట్టె:

వీరు చెప్పిన సీడీ8 సంగతి నిజంగా విలువైనది. చాలామంది అక్కడ తడబడతారు.

ఈ అమరిక తెలిస్తే జబ్బులు కూడా తమంతట తామే సర్దుకుంటాయి. ప్లీహం పెద్దదైనప్పుడు పాథాలజిస్టు వేసుకునే మొదటి ప్రశ్న, పెరిగినది తెల్ల గుజ్జా ఎర్ర గుజ్జా అని. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, ఫాలిక్యులర్ లింఫోమా, మార్జినల్ జోన్ లింఫోమా వంటివి ముందు తెల్ల గుజ్జును పెంచుతాయి. కోతముఖం మీద చుక్కలు చిన్న గింజలంత అవుతాయి. హెయిరీ సెల్ లుకేమియా మాత్రం ఎర్ర గుజ్జును నింపి తెల్ల గుజ్జును కుదించేస్తుంది, కోతముఖం ఏకరీతిగా ఎర్రగా ఉంటుంది. కాలేయ వ్యాధిలో పోర్టల్ సిర పీడనం పెరిగినప్పుడు ఉబ్బేది కూడా ఎర్ర గుజ్జే. అమిలాయిడ్ అనే పదార్థం ఫాలికిళ్లలో పేరుకుంటే కోతముఖం మీద ఉడికిన సగ్గుబియ్యం గింజలు పొదిగినట్లు కనిపిస్తుంది కనుక పాతకాలం వైద్యులు దానికి సాగో ప్లీహం అని పేరు పెట్టారు. లూపస్ వ్యాధిలో ధమనికల చుట్టూ పీచు పొరలు ఒకదానిమీదొకటి ఉల్లిపొరల్లా పేరుకుంటాయి. అయితే పెద్దవాళ్లలో కేంద్ర ధమనిక గోడ గులాబీరంగు గాజులా గట్టిపడి ఉండటం వేరే జబ్బేమీ లేకున్నా తరచుగా కనిపిస్తుంది; దాన్ని చూసి కంగారుపడకూడదు.

కణజాల విద్యార్థిని:

ఈ రోజు మళ్లీ ల్యాబ్‌కు వెళ్లి అదే స్లైడు తీసుకున్నాను. ఈసారి ఫాలికిల్‌ను వెతకలేదు. ముందు ఒక ట్రాబెక్యులాను పట్టుకుని, అందులోని ధమని బయటపడే చోటునుంచి మెల్లగా స్లైడును జరుపుకుంటూ వెళ్లాను. ధమని చుట్టూ ఊదారంగు సన్నగా మొదలైంది, కొంతదూరం పోయాక ఒక పక్కన ఉబ్బింది, ఆ ఉబ్బు చుట్టూ ముదురు పట్టీ, దాని వెలుపల లేత పట్టీ చాలా తేటగా కనిపించాయి. సైనస్ లేదు. లేత పట్టీ బయట ఎర్ర రక్తకణాలు వదులుగా పరచుకుని ఉన్నాయి. పెరిఫాలిక్యులర్ జోన్ అదేనని అనుకుంటున్నాను. నాలుగు రెట్ల లెన్సులో చూసిన ఆ బొమ్మను నోటుపుస్తకంలో గీసి, దానికింద మానవ ప్లీహం అని రాసుకున్నాను.

ఒక్క విషయం మిగిలింది. ఎర్ర గుజ్జులో చిన్న ధమనికల పక్కన గడియారపు ముఖం లాంటి కేంద్రకం ఉన్న కణాలు గుంపుగా కనిపించాయి. అవి ప్లాస్మా కణాలేనా? లింఫాయిడ్ కణాలు తెల్ల గుజ్జులో కదా ఉండాలి?

స్లైడుల పెట్టె:

ప్లాస్మా కణాలే, బాగా గుర్తుపట్టారు. తెల్ల గుజ్జులో మేలుకున్న బీ కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలుగా మారుతూ ఫాలికిల్ విడిచి, ఎర్ర గుజ్జు పట్టీల్లో, చిన్న ధమనికల పక్కన స్థిరపడతాయి. అవి తయారుచేసే ప్రతిరక్షకం అక్కడినుంచి ఆలస్యం లేకుండా రక్తంలో కలుస్తుంది. రేపు అదే స్లైడులో ఆ ధమనికను ఇంకొంచెం ముందుకు అనుసరించి చూడండి. తొడుగు కేశనాళిక కూడా దొరికే అవకాశం ఉంది.